రాజమార్గాలు పెరిగాయి, రక్షణ పెరిగిందా?

ఉధ్నా (సూరత్): ఢిల్లీలో కూర్చున్నవారికి రహదారి అంటే కిలోమీటర్ల లెక్క. ఏ సంవత్సరం ఎన్ని కిలోమీటర్లు వేశారు, రోజుకు ఎన్ని వేస్తున్నారు, ఎవరి హయాంలో ఎక్కువ వేశారు అన్నదే అక్కడి వాదం. పార్లమెంటులో వేసే ప్రశ్నలూ, వాటికి వచ్చే సమాధానాలూ చాలావరకు ఆ ధోరణిలోనే సాగుతాయి. జౌళి పరిశ్రమ సంగతులు తెలుసుకుందామని సూరత్ వచ్చిన ఈ లేఖకుడికి, ఉధ్నాలో ఒక సాయంత్రం అదే రహదారిని వేరొక కొలతతో కొలిచేవారు తారసపడ్డారు.

సూరత్ నగరానికి దక్షిణాన ఉన్న పారిశ్రామికవాడ ఉధ్నా. తపతీ లోయ మీదుగా జల్‌గావ్ వెళ్లే రైలుమార్గం ముంబాయి మార్గం నుంచి చీలేది ఇక్కడే. ఉధ్నా, పాండేసరా, లింబాయత్, సచిన్ ప్రాంతాలలో మరమగ్గాల చప్పుడు రాత్రింబవళ్లు వినిపిస్తూనే ఉంటుంది. తెలంగాణ జిల్లాల నుంచి దశాబ్దాల కిందట బతుకుతెరువు వెదుక్కుంటూ వచ్చిన పద్మశాలీ కుటుంబాలు లింబాయత్, ఉధ్నా పరిసరాల్లో స్థిరపడ్డాయి. మనుమలు గుజరాతీ బడికి పోతున్నా తాతల నోట ఇంకా కరీంనగర్ మాటే పలుకుతోంది. పండుగకో, పెళ్లికో, చావుకో సొంత ఊరు వెళ్లవలసి వచ్చినప్పుడు, రైలులో చోటు దొరకనివారికి దిక్కు ప్రైవేటు బస్సే.

అటువంటి బస్సు కోసం మూటాముల్లెతో రోడ్డుపక్కన నిలుచున్న ఒక వృద్ధ నేతగాణ్ణి, ప్రయాణం ఎన్ని గంటలని అడిగాను. ఆయన గంటలు చెప్పలేదు. “డ్రైవర్లు ఒక్కరా, ఇద్దరా అని అడుగుత సారూ. ఒక్కడే ఉన్నడంటే ముందు సీట్ల కూసుంట. రాత్రంత ఆయనతోని ముచ్చట వెడుత” అన్నాడు. ఎందుకని అడిగితే ఆయన నవ్వి, “పన్నెండు గంటలు మగ్గం నడిపినోణ్ణి. కునుకు ఎట్లస్తదో నాకెరుక. మగ్గం ముందట కునుకు వడితే పోగు తెగుతది, మళ్ల అతుక్కుంటం. బండి ముందట కునుకు వడితే అతికేటిది ఏముంటది?” అన్నాడు.

రహదారి భద్రత గురించి రాజధానిలో జరిగిన సదస్సులెన్నో చూసిన ఈ లేఖకుడికి, ఇంత సూటిగా సమస్యను చెప్పిన నిపుణుడు తారసపడిన జ్ఞాపకం లేదు. టిక్కెట్టు కొన్న ప్రయాణికుడు తన ప్రాణం కాపాడుకోవడానికి రాత్రంతా మేలుకొని డ్రైవరును మేలుకొలపవలసిన దుస్థితి ఉన్నదంటే, మన చట్టాలు నిద్రపోతున్నాయని అర్థం.

లెక్కలు చెప్పే కథ

కేంద్ర రవాణా శాఖ స్వయంగా ప్రచురించిన నివేదిక ప్రకారం 2022లో దేశంలో 4,61,312 రహదారి ప్రమాదాలు జరిగాయి. 1,68,491 మంది మరణించారు. అంటే రోజుకు సుమారు 462 మంది. 2023లో మృతుల సంఖ్య 1.72 లక్షలు దాటింది. 2024లో అది 1.77 లక్షలని ప్రభుత్వమే పార్లమెంటుకు తెలిపింది. ఒక విమానం కూలితే దేశమంతా ఉలిక్కిపడుతుంది, విచారణ సంఘం వెలుస్తుంది, మంత్రి రాజీనామా కోరతారు. రెండు మూడు విమానాల్లో పట్టేటంతమంది ప్రతిరోజూ రోడ్లపై చనిపోతూంటే అది లోపలి పేజీలో చిన్న వార్త అవుతోంది.

ఈ లెక్కల్లో గమనింపదగిన విశేషం మరొకటి ఉన్నది. దేశంలోని మొత్తం రోడ్ల పొడవులో జాతీయ రహదారుల వాటా దాదాపు రెండు శాతం. కాని 2022లో మరణించినవారిలో 61,038 మంది, అంటే నూటికి ముప్పయి ఆరుగురు, ఆ రెండు శాతం రోడ్ల మీదనే మరణించారు. మొత్తం మరణాలలో నూటికి డెబ్బయి ఒకటికి అతివేగమే కారణమని ఆ నివేదిక పేర్కొన్నది. రోడ్డు బాగుపడితే ప్రమాదాలు తగ్గుతాయని సామాన్యుడు అనుకుంటాడు. రోడ్డు మాత్రమే బాగుపడి మిగిలినవన్నీ యథాతథంగా ఉంటే జరిగేది అందుకు విరుద్ధం. గుంతలే ఇంతకాలం వేగానికి కళ్లెం వేశాయి. ఆ కళ్లెం తొలగించినప్పుడు దాని స్థానంలో మరొక కళ్లెం తగిలించడం మరిచాము.

సూరత్ జిల్లా ఈ మార్పుకు ప్రత్యక్ష సాక్షి. ఒకప్పటి 8వ నెంబరు జాతీయ రహదారి, నేటి 48వ నెంబరు రహదారి, కామ్రేజ్, కడోదరా, పల్సానా మీదుగా ముంబాయికి సాగుతున్నది. దానికి తోడు ఢిల్లీ-ముంబాయి ఎక్స్‌ప్రెస్‌వే ఈ జిల్లా గుండానే పోతున్నది. 2019 మార్చిలో శంకుస్థాపన జరిగిన ఆ మార్గం పొడవు సుమారు 1,350 కిలోమీటర్లు. పాత రహదారి మీద 2022 డిసెంబరు 31న నవ్‌సారి సమీపాన వేస్మా వద్ద బస్సూ కారూ ఢీకొని తొమ్మిదిమంది మరణించారు. అదే సంవత్సరం సెప్టెంబరు 4న, ఉద్వాడా నుంచి ముంబాయి వెళుతున్న ప్రముఖ పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ, పాల్‌ఘర్ జిల్లాలో సూర్యా నది వంతెన మీద కారు గోడను ఢీకొని దుర్మరణం పాలయ్యారు. ఆయన కూర్చున్నది వెనుక సీటు. బెల్టు పెట్టుకోలేదు. కారు ఎంత ఖరీదైనదైనా, పెట్టుకోని బెల్టు ఎవరినీ రక్షించదు.

వేగం చేసే గణితం

వాహనం నడిపేవారు మనసులో ఉంచుకోవలసిన చిన్న గణితం ఒకటి ఉన్నది. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వెళ్లే వాహనం ఒక్క సెకనులో దాదాపు 28 మీటర్లు ముందుకు పోతుంది. ఎదుట ప్రమాదాన్ని కన్ను చూసి, మెదడు గ్రహించి, కాలు బ్రేకు మీదికి వెళ్లేసరికి ఒక సెకనో, సెకనున్నరో పడుతుంది. అంటే బ్రేకు పనిచేయడం మొదలు పెట్టకముందే నలభై మీటర్లు గడిచిపోతాయి. వేగం రెట్టింపయితే తాకిడి శక్తి రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. బ్రేకు వేసిన తరువాత బండి ఆగే దూరమూ అలాగే పెరుగుతుంది. గంటకు 90 కిలోమీటర్ల వేగంలో డ్రైవరు రెప్ప నాలుగు సెకన్లు వాలితే, నలభై మంది ఉన్న బస్సు నూరు మీటర్లు గుడ్డిగా పరుగెడుతుంది.

అందువల్లనే ముందు వాహనానికీ మనకూ మధ్య కనీసం మూడు సెకన్ల ఎడం ఉండాలని అంటారు. ముందు బండి ఒక స్తంభాన్ని దాటిన తరువాత మనం ఆ స్తంభాన్ని చేరేలోగా మూడు లెక్కపెట్టగలిగితే ఆ ఎడం ఉన్నట్లు. వానలోనూ, పొగమంచులోనూ అది రెట్టింపు కావాలి. ఇందుకు యంత్రాలు అక్కరలేదు, ఖర్చు అంతకన్నా లేదు. కాని మన రహదారుల మీద ఎడం వదిలినవాణ్ణి చేతకానివాడుగా చూస్తారు, ఆ ఖాళీలోకి మరొకడు దూరుతాడు. ఊరందరిదీ ఒక దారి అయితే ఉలిపికట్టెది ఒక దారి అన్నది పాత సామెత. మన రహదారుల మీద క్రమంగా వెళ్లేవాడే ఉలిపికట్టెగా మిగిలిపోయాడు.

డ్రైవరుకు శిక్ష ఉంది, నిద్ర లేదు

ఇక ఉధ్నా వృద్ధుడు లేవనెత్తిన ప్రశ్నకు వద్దాం. డ్రైవరు పనిగంటల గురించి చట్టం లేక కాదు. మోటారు రవాణా కార్మికుల చట్టం 1961లోనే వచ్చింది. రోజుకు ఎనిమిది గంటలు, వారానికి నలభై ఎనిమిది గంటలకు మించి పని చేయించరాదనీ, అయిదు గంటల పని తరువాత కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలనీ అది విధించింది. దూర ప్రయాణాలకు కొంత సడలింపు ఉన్నా, దానికీ హద్దు పెట్టింది. మోటారు వాహనాల చట్టంలోనూ పనిగంటల పరిమితికి ప్రత్యేక విభాగం ఉన్నది. 1961 నాటి చట్టం ఇప్పుడు వృత్తి భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల కోడ్‌లో కలిసిపోయింది. 2020లో పార్లమెంటు ఆమోదించిన ఆ కోడ్ 2025 నవంబరు 21న అమలులోకి వచ్చింది. అందులోనూ ఎనిమిది గంటల సూత్రమే ఉన్నది. చట్టం పేరు మారినంత మాత్రాన డ్రైవరు కంటికి నిద్ర రాదు.

యూరప్ దేశాలలో భారీ వాహనం నడిపేవాడు నాలుగున్నర గంటలకు మించి ఏకధాటిగా నడపరాదు. నలభై అయిదు నిమిషాలు ఆగి తీరాలి. ఎన్ని గంటలు నడిపాడో బండిలోని పరికరం నమోదు చేస్తుంది. తనిఖీదారు డ్రైవరు మాటను నమ్మవలసిన అవసరం లేదు. మన దేశంలో టోలు రుసుము వసూలుకు ప్రతి బండికీ ఫాస్టాగ్ ఉన్నది. ఏ బండి ఏ గేటు ఏ నిమిషంలో దాటిందో ప్రభుత్వానికి తెలుస్తున్నది. డబ్బు లెక్కకు పనికివచ్చిన ఆ సాంకేతిక జ్ఞానం డ్రైవరు గంటల లెక్కకు ఎందుకు పనికిరాదని అడగడం అత్యాశ కాబోదు.

ప్రభుత్వం శిక్ష గురించి ఆలోచించినంతగా విశ్రాంతి గురించి ఆలోచించలేదు. భారతీయ న్యాయసంహితలో, ప్రమాదం చేసి పోలీసులకు చెప్పకుండా పారిపోయిన డ్రైవరుకు పదేళ్ల వరకు శిక్ష విధించే నిబంధన పెట్టారు. 2024 జనవరి తొలి రోజుల్లో లారీ డ్రైవర్లు స్తంభింపజేసేసరికి ప్రభుత్వం వెనుకంజ వేసింది. ఆ ఏడాది జులై 1న న్యాయసంహిత అమలులోకి వచ్చినప్పుడు ఆ ఒక్క నిబంధనను పక్కన పెట్టారు. పారిపోయేవాణ్ణి శిక్షించవలసిందే, సందేహం లేదు. కాని పద్దెనిమిది గంటలు నడిపించిన యజమానిని వదిలి, నడిపినవాణ్ణి మాత్రమే పట్టుకునే న్యాయం సగం న్యాయమే.

నాయకులకూ మినహాయింపు లేదు

రాజకీయ పక్షాలకు ఈ సమస్య పట్టకపోవడానికి కారణం అది తమను తాకకపోవడం అనుకుంటే పొరపాటు. మాజీ రాష్ట్రపతి జ్ఞానీ జైల్‌సింగ్ 1994లో రహదారి ప్రమాదంలో గాయపడి కన్నుమూశారు. రాజేశ్ పైలట్ 2000లో పోయారు. మన ఎర్రన్నాయుడు 2012 నవంబరు 2న శ్రీకాకుళం జిల్లాలో జాతీయ రహదారిపై టాంకరును కారు ఢీకొని మరణించారు. లాల్‌జాన్ బాషా 2013లో, శోభా నాగిరెడ్డి 2014లో, హరికృష్ణ 2018లో, లాస్య నందిత 2024లో, ఇలా చెప్పుకుంటూపోతే తెలుగు రాజకీయాలలో అన్ని పక్షాలవారూ ఈ జాబితాలో కనిపిస్తారు. కేంద్రమంత్రిగా ప్రమాణం చేసిన ఎనిమిదవ రోజున, 2014 జూన్ 3న, గోపీనాథ్ ముండే ఢిల్లీ నడిబొడ్డున కారు ప్రమాదంలో మరణించారు.

ముండే మరణంతో కదిలిన ప్రభుత్వం కొత్త చట్టం తెస్తామన్నది. 2014 ముసాయిదా పక్కకు పోయింది. 2016లో ప్రవేశపెట్టిన సవరణ బిల్లు 2017లో లోక్‌సభ ఆమోదం పొంది రాజ్యసభలో చిక్కుకొని, సభాకాలం ముగియడంతో చెల్లకుండాపోయింది. చివరకు 2019లో ఆమోదం పొందింది. హెల్మెట్, సీటుబెల్టు లేనివారికి జరిమానా నూరు రూపాయల నుంచి వెయ్యికి పెరిగింది. ఆ సెప్టెంబరు 1న అది అమలులోకి వచ్చిందో లేదో, పది రోజులు తిరగకుండా, కేంద్రంలో ఉన్న పక్షమే పాలిస్తున్న గుజరాత్ ప్రభుత్వం ఆ రెండు జరిమానాలనూ సగానికి తగ్గించింది. మరికొన్ని రాష్ట్రాలు వాయిదా వేశాయి. తెలంగాణ కూడా అప్పట్లో అమలుకు ముందుకు రాలేదు. కొడుకు ప్రాణం కన్నా వెయ్యి రూపాయలు ఎక్కువని ఏ తండ్రీ అనడు. ఓటరు అంటాడేమోనని ప్రభుత్వాలు భయపడ్డాయి. 2022లో హెల్మెట్ లేక 50,029 మంది, సీటుబెల్టు లేక 16,715 మంది మరణించారని అదే ప్రభుత్వ నివేదిక చెబుతోంది.

2024 డిసెంబరులో లోక్‌సభలో రవాణా మంత్రి నితిన్ గడ్కరీ, ప్రమాదాలు తగ్గిస్తానని తాను చెప్పినా అవి పెరిగాయని ఒప్పుకొన్నారు. అంతర్జాతీయ సమావేశాలలో ఈ చర్చ వచ్చినప్పుడు ముఖం దాచుకోవలసి వస్తోందన్నారు. మంత్రులు తప్పు ఒప్పుకోవడం అరుదైన కాలంలో ఆ నిజాయితీని మెచ్చుకోవలసిందే. అయితే నిజాయితీ విధానానికి ప్రత్యామ్నాయం కాదు.

నడిచేవాడి దారి ఏది?

ఉధ్నాకు ఆనుకొనే డిండోలీ ఉన్నది. 1930 ఏప్రిల్ 2న దండి యాత్రలో గాంధీజీ ఆగిన ఊరది. అహమ్మదాబాదు నుంచి సముద్రతీరం దాకా ఇరవై నాలుగు రోజులు ఆయన నడిచిన దేశంలో, నేడు నడిచేవాడికి దారి లేదు. 2022లో 32,825 మంది పాదచారులు వాహనాల కింద పడి మరణించారు. ఉధ్నా నుంచి సచిన్ వెళ్లే రోడ్డు నడుమ బస్సులకు ప్రత్యేక మార్గం ఉన్నది. షిఫ్టు దిగిన కార్మికులు గుంపులు గుంపులుగా ఆ రోడ్డును అడ్డంగా దాటే దృశ్యం చూస్తే గుండె ఝల్లుమంటుంది. వారు నిబంధన ఉల్లంఘిస్తున్నారనడం తేలిక. వారిని దృష్టిలో పెట్టుకొని రోడ్డు కట్టారా అన్నది అసలు ప్రశ్న.

2021 జనవరి 19 రాత్రి ఈ జిల్లాలోనే, కిమ్-మాండ్వీ రోడ్డుపై ఒక ట్రక్కు చెరకు ట్రాక్టరును తాకి అదుపు తప్పి, రోడ్డుపక్క నిద్రిస్తున్న రాజస్థాన్ వలసకూలీల మీదికి దూసుకుపోయింది. పదిహేను మంది నిద్రలోనే ప్రాణాలు విడిచారు. వారు వాహనం ఎక్కనివారు, వేగంగా పోనివారు. ఇతరుల వేగానికి మూల్యం చెల్లించినవారు.

మన రాష్ట్రాల అనుభవం ఇంతకన్నా మెరుగు కాదు. 2013 అక్టోబరు 30న మహబూబ్‌నగర్ జిల్లా పాలెం వద్ద బెంగుళూరు-హైదరాబాదు బస్సు కల్వర్టును ఢీకొని కాలిపోయి 45 మంది ఆహుతయ్యారు. పన్నెండేళ్లు తిరక్కుండానే, 2025 అక్టోబరు 24న కర్నూలు సమీపాన చిన్నటేకూరు వద్ద మరొక బస్సు తగలబడి దాదాపు ఇరవైమంది ప్రాణాలు కోల్పోయారు. ఆ తరువాత పది రోజులకే చేవెళ్ల సమీపాన కంకర టిప్పరు ఆర్టీసీ బస్సును ఢీకొని 19 మంది మరణించారు. ప్రతిసారీ చేసినది ఒకటే: పది రోజులు తనిఖీలు, కొన్ని బస్సుల స్వాధీనం, ఆపైన మౌనం. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మనకు కొత్త కాదు. ఇక్కడ ఆకులు కూడా పది రోజులకు వాడిపోతున్నాయి.

చేయగలిగినది లేకపోలేదు

ఇది విధిలిఖితమని చేతులు ముడుచుకోవలసిన పనిలేదు. ముంబాయి-పుణే ఎక్స్‌ప్రెస్‌వే మీద 2016లో 151 మంది మరణించారు. ప్రమాదస్థలాలను ఒక్కొక్కటిగా పరిశీలించి, అడ్డుకట్టలు సరిచేసి, నిలిపి ఉంచిన లారీలను తొలగించి, గస్తీ పెంచిన తరువాత ఆ సంఖ్య సగానికి మించి తగ్గింది. స్వీడన్ పార్లమెంటు 1997లోనే రహదారిపై ఒక్క మరణం కూడా సహించరాదన్న లక్ష్యం పెట్టుకొన్నది. మనిషి పొరపాటు చేస్తాడు, ఆ పొరపాటు మరణశిక్ష కాకుండా చూడవలసిన బాధ్యత రోడ్డు కట్టినవారిదన్నది వారి సిద్ధాంతం. మన 2019 సవరణలోనూ లోపభూయిష్టమైన రోడ్డు వల్ల మరణం సంభవిస్తే గుత్తేదారుకు, సంబంధిత అధికారికి జరిమానా వేసే విభాగం చేర్చారు. దాని గరిష్ఠ పరిమితి లక్ష రూపాయలు! కోట్ల కాంట్రాక్టు ముందు అది దిష్టి తీసే నాణెం.

ప్రాణాలు నిలిపే విషయంలో తెలుగువారు దేశానికి దారి చూపినవారే. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన 108 అంబులెన్సు సేవను గుజరాత్ 2007లో అందిపుచ్చుకొన్నది. క్షతగాత్రుణ్ణి ఆస్పత్రికి చేర్చినవారిని పోలీసులు వేధించరాదని సుప్రీంకోర్టు 2016లో ఆదేశించింది. 2025 మేలో కేంద్రం, ప్రమాద బాధితులకు ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల మేరకు నగదు లేకుండా చికిత్స అందించే పథకాన్ని ప్రకటించింది. అదీ న్యాయస్థానం పదేపదే హెచ్చరించిన తరువాతే. ఈ హక్కులు ఉన్నాయని రోడ్డుపక్క దాబావాడికి, హోటలువాడికి తెలిసేదాకా అవి గెజిట్ కాగితాలే.

ఇక ప్రయాణికులుగా మనం చేయవలసినవి: వెనుక సీటులోనైనా బెల్టు పెట్టుకోవడం. చెడిపోయిన బండిని దారిలో నిలిపి రాయి అడ్డం పెట్టకుండా, పక్కకు తీసి దీపాలు వెలిగించడం. దూరమెక్కువైనా ఎదురుదారిన పోకపోవడం. అర్ధరాత్రి దాటి తెల్లవారేలోగా నిద్ర ముంచుకొచ్చినప్పుడు టీ తాగి ముందుకు సాగకుండా బండి ఆపి పడుకోవడం. బస్సు ఎక్కేముందు అత్యవసర ద్వారం ఎక్కడున్నదో చూసుకోవడం. రెండవ డ్రైవరు లేడంటే టిక్కెట్టు వాపసు అడగడం.

కాని ఈ చివరి పని ఉధ్నా నేతగాడు చేయలేడు. రేపు ఊళ్లో పెళ్లి ఉన్నది, ఉన్నది ఆ ఒక్క బస్సే. ఆయన తరఫున అడగవలసినవారు పార్లమెంటులో ఉన్నారు. రహదారి పద్దులు చర్చకు వచ్చినప్పుడు తమ నియోజకవర్గానికి ఎన్ని కిలోమీటర్లు మంజూరయ్యాయని అడిగే తెలుగు సభ్యులు, ఆ కిలోమీటర్ల మీద ఎంతమంది క్షేమంగా ఇల్లు చేరారని కూడా ఒకసారి అడిగితే బాగుంటుంది.

బస్సు వచ్చింది. వృద్ధుడు ముందుగా డ్రైవరు గది వైపు తొంగిచూశాడు. మూట పైకెత్తి ఇచ్చి, ముందు సీటులో కూర్చున్నాడు. ఆ రాత్రి ఆయన నిద్రపోయి ఉండడు.